మొగల్రాజపురంలో మా షేర్డ్ ఆఫీసు: కరోనా జాగ్రత్తల్లో ఏది అసలు పని, ఏది హడావిడి

నేను చిన్న వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో బట్టల హోల్‌సేల్ వాళ్లు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వాళ్లు, బీసెంట్ రోడ్డులో కొన్ని షాపులు. 2020 వరకూ పనంతా ఇంట్లోనే. క్లయింట్లు బిల్లుల కట్టలు పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చేవాళ్లు. మా హాలుకీ అమ్మ గదికీ మధ్య ఒక కర్టెనే అడ్డం. అమ్మకు ఆస్తమా, ఇన్‌హేలర్ లేకుండా రోజు గడవదు. కరోనా వచ్చాక ఇక ఇంట్లో కుదరదనిపించింది. ఆ ఏడాది చివర్లో బయట ఒక సీటు కోసం తిరిగాను. అందరూ నెట్ స్పీడు, పార్కింగ్ అడుగుతారు. నాకు మాత్రం సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు నాతోపాటు ఏం తీసుకెళ్తానన్నదే భయం.

తిరిగినన్ని చోట్లా జాగ్రత్తల బోర్డులకు కొదవ లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒకచోట గుమ్మంలోనే టన్నెల్ పెట్టి, లోపలికి వచ్చేవాళ్ల మీద మందు నీళ్లు చల్లుతున్నారు. మనుషుల మీద అలా చల్లడం వల్ల ఉపయోగం లేదనీ, పైగా హాని అనీ కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆస్తమా ఉన్నవాళ్లెవరైనా ఆ టన్నెల్లోంచి నడిస్తే ఏమవుతుందో ఆలోచించారా అని అడిగాను. జవాబు రాలేదు. ఇంకోచోట సెల్లార్‌లో ఆఫీసు, కిటికీ అన్నదే లేదు. గోడ నిండా శానిటైజర్ డబ్బాలు.

చివరికి కుదిరింది మొగల్రాజపురంలో, సిద్ధార్థ కాలేజీ వైపు ఉన్న ఒక భవనం. కింద స్టిల్ట్ పార్కింగ్, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు క్లినిక్, రెండూ మూడూ అంతస్తుల్లో షేర్డ్ ఆఫీసు, డాబా మీద రేకుల షెడ్డు. అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. కరోనా జాగ్రత్తల విషయంలో ఈ భవనం ఏం చేసిందో, ఎక్కడ చెయ్యలేదో, ఇప్పుడు ఏం మిగిలిందో వివరంగా రాస్తున్నాను. అలాంటి రోజు మళ్లీ వస్తే పనికొస్తుంది. రాకపోయినా, జలుబూ దగ్గూ ప్రతి చలికాలం ఉండేవే.

అన్నిటికన్నా ముందు గాలి గురించి చెప్పాలి.

ఈ భవనం ముందువైపంతా అద్దాలే. కట్టినప్పుడు ఆ అద్దాలు బిగించేసి ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకునేది కాదు. లోపల స్ప్లిట్ ఏసీలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట గోడకు తగిలించిన పెట్టె లోపలి వేడిని బయటికి పంపుతుందంతే, గాలిని మార్చదు. చాలామంది ఏసీ ఆన్‌లో ఉంటే గాలి శుభ్రంగా ఉందనుకుంటారు. తలుపులు మూసి ఏసీ వేసుకున్న గదిలో పదిమంది కూర్చుంటే, ఆ పదిమంది వదిలిన ఊపిరే అందరూ పంచుకుంటున్నట్టు. గదిలో ఎవరో సిగరెట్ కాలిస్తే పొగ ఎక్కడెక్కడికి పాకుతుందో, వైరస్ ఉన్న మనిషి మాట్లాడినప్పుడు వచ్చే సన్నటి తుంపరలూ అక్కడికే పాకుతాయి.

ఈ సంగతి మా ఓనరు గారు ముందే పట్టుకున్నారు. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసులకు 2020 జూన్‌లో కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టాలనీ, గాలిలో తేమ 40 నుంచి 70 శాతం ఉండాలనీ, బయటి గాలి వీలైనంత ఎక్కువ రావాలనీ ఉంది. చాలా చోట్ల మొదటి ముక్క చదివి రిమోట్ మీద 26 అని స్టిక్కరు అంటించి ఊరుకున్నారు. ఈయన మూడో ముక్క చదివారు. తూర్పువైపు అద్దాల్లో ఒకటి విడిచి ఒకటి కోయించి, స్లైడింగ్ రెక్కలు పెట్టించి, వాటికి దోమల జాలీ బిగించారు. ఎదురు గోడకు, సీలింగ్ కింద, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించారు. ఇటునుంచి గాలి బయటికి పోతుంటే అటునుంచి కొత్త గాలి లోపలికి రాక తప్పదు. కిటికీ బార్లా తెరవక్కర్లేదు, జానెడు తెరిస్తే చాలు.

మే నెలలో బెజవాడ ఎండకు కిటికీ తెరిచి ఏసీ వేస్తారా అని ఎవరైనా అడుగుతారు. వేస్తారు. చలి పుట్టేంత చల్లగా ఉండదు, కానీ పైన ఫ్యాను తిరుగుతుంటే ఉక్కపోత తెలియదు. కరెంటు బిల్లు పెరిగింది, నిజమే. సీటు అద్దె నాలుగు వేల అయిదు వందలుండేది, నాలుగు వేల తొమ్మిది వందలు చేశారు. ఎందుకు పెంచారో నోటీసు బోర్డులో రాసి పెట్టారు. ఆ నాలుగు వందలు ఇవ్వడానికి నేను ఒక్క క్షణం కూడా వెనకాడలేదు.

2021 మే 20న కేంద్రంలోని ముఖ్య శాస్త్ర సలహాదారు కార్యాలయం గాలి గురించి విడిగా ఒక సూచన పత్రం ఇచ్చింది. పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపు పడిపోతాయి, సన్నటివి పది మీటర్ల దాకా వెళ్లగలవు అని అందులో ఉంది. కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ వెయ్యండి అని బొమ్మలు గీసి మరీ చెప్పారు. మేనేజర్ దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించాడు. అంతకు ముందే ఇక్కడ కిటికీలు కోసేశారు కాబట్టి నాకు ఈ భవనం మీద గురి ఇంకా పెరిగింది.

దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ మీటర్లు కూడా కొన్నారు, అంతస్తుకొకటి. అరచేతి సైజు డబ్బా, గోడకు తగిలించి ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతం దాకా ఉంటుంది, అంటే పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని) లెక్కలో నలభై వేలు. బయటి గాలిలో నాలుగు వందల పైచిలుకు. కాబట్టి గదిలో ఆ అంకె పెరుగుతోందంటే ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం. వైరస్ ఉందో లేదో మీటరు చెప్పదు, గాలి మారుతోందో లేదో చెబుతుంది. మాకు కావలసిందీ అదే.

నాకు దాని విలువ తెలిసింది ఒక 19వ తారీకున. నెలనెలా వేసే జీఎస్టీ త్రీబీ రిటర్నులకు 20 ఆఖరు. ఆరోజు వస్త్రలత నుంచి ఒక క్లయింటు, ఆయన కొడుకు, వాళ్ల గుమాస్తా వచ్చారు. నలుగురం మీటింగ్ క్యాబిన్‌లో కూర్చుని తలుపేసుకున్నాం. కొనుగోలు బిల్లులకూ పోర్టల్లో కనిపించే లెక్కకూ పొంతన లేదు, ఒక్కో బిల్లూ పైకి చదువుతూ టిక్కులు పెడుతున్నాం. ఓ గంటకు నాకు తల బరువెక్కింది, గుమాస్తా ఆవలింతలు మొదలుపెట్టాడు. అలసటేమో అనుకున్నాం. అప్పుడు మేనేజర్ తలుపు తట్టి, హాల్లో మీటరు ఊడదీసి తెచ్చి మా టేబుల్ మీద పెట్టాడు. 1100, 1400, అలా ఎక్కుతూ పోయి 2000 దాటింది.

“మేడం గారూ, మీరు తలుపన్నా తియ్యండి, బ్రేకన్నా తీసుకోండి,” అన్నాడు.

తలుపు తీసి, గుమ్మంలో టేబుల్ ఫ్యాను హాలు వైపు తిప్పి పెట్టాడు. మేం మెట్ల దగ్గరికెళ్లి నిలబడ్డాం. టీ తాగి వచ్చేసరికి అంకె 800 దగ్గరికి దిగింది. పెద్దాయన మీటరు చేతిలోకి తీసుకుని దాని మీదకి ఊదాడు, అంకె గబగబా పైకెక్కింది. “మా కొట్టు మేడ మీద గోడౌన్లో పెడితే ఎంత చూపిస్తుందోనమ్మా,” అన్నాడు. తర్వాత ఆ గోడౌన్‌కు కిటికీ పెట్టించాడు. మాస్కు పెట్టుకోమని ఆయనకు నేను ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు, ఒక్క అంకె చూసి మారాడు. ఆ తర్వాత క్యాబిన్‌లో గంటకొకసారి తలుపు తియ్యాలన్న నియమం పెట్టారు, హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ కూడా ఒకటి ఉంచారు. ఫిల్టరు తుంపరలను పడుతుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, అందుకని రెండూ కావాలి.

గేటు దగ్గర టెంపరేచర్ గన్ను గురించి నా అభిప్రాయం వేరు. మా వాచ్‌మన్ బాబాయ్ ఎంతో శ్రద్ధగా చూసేవాడు, ఆయన్ని తప్పుపట్టను. మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద వచ్చినవాళ్ల నుదురు ఎండకు కాలిపోతూ ఉంటుంది కాబట్టి, వాళ్లను స్టిల్ట్‌లో ఫ్యాను కింద కాసేపు కూర్చోబెట్టి అప్పుడు చూసేవాడు. అంత చేసినా ఆ గన్ను పట్టుకునేది తక్కువ. జ్వరం రాకముందే వైరస్ అంటించేవాళ్లున్నారు, అసలు జ్వరమే రానివాళ్లున్నారు, పొద్దున్నే డోలో వేసుకుని వచ్చేవాళ్లున్నారు.

డోలో వేసుకుని ఎందుకు వస్తారు? నెల అద్దె కట్టేశాం, సీటు ఖాళీగా పోతుందని. ఆయమ్మ అయితే ఆ రోజు జీతం కోస్తారని. ఈ భవనం చేసిన గొప్ప పని ఇక్కడే ఉంది. ఒంట్లో బాగోలేదని ఫోన్ చేస్తే చాలు, ఎన్ని రోజులు రాకపోతే అన్ని రోజులు తర్వాతి నెలలో కలిపారు. డాక్టరు చీటీ అడగలేదు. శుభ్రం చేసే ఆయమ్మకు 2021 ఏప్రిల్‌లో పాజిటివ్ వచ్చింది. ఆమెకు ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చారు, కోలుకుని వచ్చేదాకా పని పోదని ముందే చెప్పారు. ఆమె మొదటి రోజు దగ్గుకే చెప్పింది కాబట్టి ఆ అంతస్తు వాళ్లందరం ఆ రోజే జాగ్రత్తపడ్డాం. ఆమెకు జీతం కోసే చోటైతే ఆ దగ్గు దాచుకునేది, దాచుకోక ఏం చేస్తుంది? వంద స్టిక్కర్ల కన్నా ఆ జీతమే మమ్మల్ని కాపాడిందని నా నమ్మకం.

మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటాక కర్ఫ్యూ పెట్టారు. పొద్దున పూట తప్ప పని లేదు. ఎవరూ అడగకముందే ఆ నెల అద్దె సగం చేసి మెసేజ్ పెట్టారు. అది కూడా నేను మర్చిపోను.

ఇక నేను గొడవ పెట్టుకున్న విషయం. అందరూ ఒకే గేటు నుంచి రావాలి, టెంపరేచర్ చూడాలి అని వెనక మెట్ల తలుపుకు తాళం వేశారు. ఆ మెట్ల కిందే, మెయిన్ స్విచ్ బోర్డు పక్కన, అయిదు లీటర్ల శానిటైజర్ క్యాన్లు వరసగా పేర్చి పెట్టారు. శానిటైజర్‌లో ముప్పాతిక వంతు ఆల్కహాలే, నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మన ఊళ్లోనే కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. రోగం నయం కావడానికి వెళ్లినవాళ్లు. ఆ వార్త చల్లారక ముందే ఇంకో భవనంలో మెట్లకు తాళం చూస్తే నాకు ఒళ్లు మండింది. సీటు వద్దు, డబ్బు వెనక్కి ఇవ్వండి అన్నాను. ఓనరు గారు స్వయంగా వచ్చి చూసి, ఆ పూటే తాళం తీయించి లోపలినుంచి తోస్తే తెరుచుకునే గడియ పెట్టించారు. క్యాన్లు స్టిల్ట్‌లో కరెంటుకు దూరంగా ఒక ఇనుప బీరువాలోకి మారాయి. వైరస్ నుంచి కాపాడే ఏర్పాటు ఇంకో ప్రమాదానికి దారి తియ్యకూడదు. మీరు ఏ ఆఫీసుకు వెళ్లినా వెనక తలుపు ఒకసారి తోసి చూడండి.

శుభ్రత సంగతి. మొదట్లో రోజుకు ఎన్నిసార్లు తుడిచామో చార్టు పెట్టి సంతకాలు చేసేవాళ్లు. తలుపు పిడులు, కుర్చీ చేతులు, మెట్ల రెయిలింగు, అన్నీ హైపోక్లోరైట్‌తో, అంటే బ్లీచింగ్ ద్రావణంతో. బాత్రూంలో అదే ద్రావణం పోసి, మరకలు పోవడం లేదని పైన యాసిడ్ కూడా పోసేవాళ్లు. ఒకరోజు నేను లోపలికి వెళ్లి అడుగు పెట్టగానే కళ్లు మండి గొంతు పట్టేసింది. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఊపిరితిత్తులకు విషం. ఆయమ్మ రోజూ ఆ వాసనలో వంగి తోముతూ ఉంది. “కళ్లెంట నీళ్లు కారితేనే పురుగు చస్తదనుకున్నానమ్మా,” అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేనేజర్ యాసిడ్ కొనడమే మానేశాడు, ఆమెకు చేతి గ్లౌజులు కొన్నాడు, బాత్రూంలో ఎగ్జాస్ట్ వేసి తలుపు తీసి ఉంచాకే తోమాలన్నాడు. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే అంటుకునే అవకాశం పది వేలల్లో ఒకటి కన్నా తక్కువని అంచనా వేసింది. అప్పటికి ఆ చార్టు పక్కన పెట్టి రోజుకు రెండు పూటలా సబ్బు నీళ్లతో తుడవడానికి మారారు. చేతులు కడుక్కోవడం ఎప్పటికైనా మంచిదే, కానీ ఆయమ్మ ఊపిరి పణంగా పెట్టి కాదు.

సీట్ల మధ్య పెట్టిన ప్లాస్టిక్ షీట్లూ అంతే. ఎదుటివాళ్లు తుమ్మితే పెద్ద తుంపర్లు ఆపుతాయి, సన్నటివి పైనుంచి వచ్చేస్తాయి. పైగా కిటికీ గాలికి అడ్డం. తీసేశారు, మంచి పని చేశారు.

2022లో రెండో అంతస్తు లోపలి హాలు ఒక టెలీకాలింగ్ టీముకు ఇచ్చారు. పిల్లలందరూ పొద్దస్తమానం ఫోన్లలో గట్టిగా మాట్లాడుతూ ఉంటారు, మాస్కు గడ్డం కిందికి. ఆ హాలుకు కిటికీ లేదు. సియోల్‌లో 2020 మార్చిలో ఒక భవనం పదకొండో అంతస్తులో కాల్ సెంటర్ ఉండేది. అక్కడ పనిచేసే 216 మందిలో 94 మందికి వైరస్ సోకింది, వాళ్లలో ఎక్కువమంది ఒకే వైపు కూర్చున్నవాళ్లు. అదే భవనంలో మిగతా అంతస్తుల వాళ్లకు దాదాపు రాలేదు. లిఫ్టులూ లాబీ అందరివీ ఒకటే అయినా, గంటలకొద్దీ మాట్లాడుతూ ఒకే గాలి పంచుకున్నవాళ్లే పడ్డారు. ఈ సంగతి నేను ఓనరు గారికి ఫోన్లో చెప్పాను. వారం తిరక్కుండా ఆ టీమును మూడో అంతస్తు కిటికీల వైపు మార్చి, లోపలి హాలులో ఫైళ్ల ర్యాకులు పెట్టారు. అద్దె వచ్చే గదిని స్టోరుగా మార్చడం ఏ ఓనరుకూ తేలిక కాదు.

ఇంత చేసినవాళ్లు ప్యాంట్రీ దగ్గర ఎందుకు చేతులెత్తేశారో నాకు అర్థం కాలేదు. హాల్లో మాస్కులు పెట్టుకుని దూరదూరంగా కూర్చున్నవాళ్లం, ఒంటిగంటకు అందరం ఒకే చిన్న గదిలో క్యారేజీలు విప్పి, మాస్కులు తీసి, ఎదురెదురుగా కూర్చుని ఒకరి పప్పు ఒకరికి వేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటాం. మనవాళ్లకు ఒంటరిగా తినడం చేతకాదు, అది నాకూ ఇష్టం లేదు. అందుకే డాబా మీద రేకుల షెడ్డు వేసి నాలుగు బల్లలు పెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ అన్నం తినడం హాయి, మొగల్రాజపురం కొండ ఎదురుగా కనిపిస్తుంది. మార్చి దాటితే ఆ రేకుల కింద కాలు పెట్టలేం. అందరూ మళ్లీ కిందికే. వంతులవారీగా భోజనం అని చార్టు పెట్టారు, పది రోజులు కూడా నిలవలేదు. రేకుల మీద తాటాకు పందిరి పరిపించమని నేనూ, ఇంకొందరూ చెప్పాం. ఇప్పటిదాకా కదలిక లేదు.

లిఫ్టు చిన్నది, నలుగురికి. లోపల ఫ్యాను తిరగదు. కుర్రాళ్లు మెట్లెక్కుతారు, మోకాళ్ల నొప్పులున్న నా క్లయింట్లు ఏం చేస్తారు? దీన్ని బాగుచేయించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

అన్నిటికన్నా పెద్ద లోపం కరెంటు పోయినప్పుడు. జనరేటరు మీద లైట్లు, కంప్యూటర్లు, కొన్ని ఏసీలు నడుస్తాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు మాత్రం ఆ లైను ఇవ్వలేదు. సాయంత్రం పూట కాలవల దోమలకు భయపడి కొందరు కిటికీలు మూసేస్తారు, జాలీలు దుమ్ము పట్టి ఉంటాయి కాబట్టి తెరిచినా గాలి ఆడదు. అలాంటప్పుడు కరెంటు పోతే హాల్లో మీటరు అరగంటలో 1500 దాటడం చూశాను.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఆ తర్వాత టెంపరేచర్ గన్ను ఎటుపోయిందో తెలియదు, నేల మీద అడుగుల స్టిక్కర్లు చెరిగిపోయాయి, శానిటైజర్ స్టాండు గొడుగులు పెట్టుకోడానికి వాడుతున్నారు. వాటికి నేనేం బాధపడను. ఒంట్లో బాగోలేకపోతే రోజులు కలిపే నియమం మాత్రం అలాగే ఉంచారు, అది నాకు సంతోషం. కిటికీల దగ్గరే కొత్తగా చేరినవాళ్లతో పేచీ. ఏసీ చల్లదనం పోతోందని మూస్తారు. రెండో అంతస్తు మీటరు ఛార్జరు తీసి ఎవరో ఫోను పెట్టుకుంటారు, నేను వెళ్లినప్పుడల్లా తిరిగి పెడతాను. ఆ మీటరు కరోనా కోసం కొన్నదే అయినా, మధ్యాహ్నం మూడింటికి అందరికీ ఎందుకు నిద్ర ముంచుకొస్తుందో అదే చెబుతుంది. మేనేజర్ దాన్ని కొత్తవాళ్లకు మొదటి రోజే చూపించాలి.

సీటు తీసుకోవాలనుకునేవాళ్లకు నా మాట: తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, ఊపిరి సమస్యలున్నవాళ్లు ఉంటే మూడో అంతస్తు తూర్పు వరస అడగండి, రెండో అంతస్తులో ప్యాంట్రీ పక్క వరస వద్దు. తలుపు మూసి చేసుకునే మీటింగ్ ముప్పావుగంట దాటితే క్యాబిన్ బదులు డాబా మీది బల్ల అడగండి, చలికాలంలో అద్దె తీసుకోరు. ఓనరు గారు ఇది చదివితే వచ్చే ఎండాకాలం లోపు మూడు పనులు చేయించమని నా మనవి: ఎగ్జాస్ట్‌లకు జనరేటరు లైను, దోమల జాలీలు నెలకోసారి కడిగించడం, రేకుల మీద తాటాకు. తాటాకు ఖర్చులో నా వాటా నేనిస్తాను.